జామియా ఉస్మానియా స్టేషన్ వయసెంత? చిన్న స్టేషన్ల తేదీలు తేల్చే పద్ధతి

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లోని జామియా ఉస్మానియా ఎంఎంటీఎస్ (లోకల్ రైళ్ల) స్టేషన్ గురించి నెట్‌లో ఒకచోట 1874 అని, ఇంకోచోట 1916 అని, మరోచోట 2003 అని ఉంది, వీటిలో ఏది సరైనది, స్టేషన్ చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని.

ముందు సూటిగా జవాబు. 1874ను కొట్టేయండి. అది వాడి–సికింద్రాబాద్ బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) లైను సంవత్సరం, ఆ లైను జామియా ఉస్మానియా వైపు రానే రాదు. 1916 లైనుకు చెందిన తేదీ, స్టేషన్‌ది కాదు. మీ లైనులోనే ఉన్న కాచిగూడ స్టేషన్ భవనం కట్టింది ఆ ఏడే. సికింద్రాబాద్ నుంచి గద్వాల దాకా మీటర్‌గేజ్ (మీటరు వెడల్పు) పట్టాలు కూడా 1916 నాటికి పూర్తయ్యాయి. అంటే మీ స్టేషన్ ఉన్న చోట అప్పటికి పట్టాలున్నాయని మాత్రమే తేలింది, అక్కడ బండి ఆగేదని తేలలేదు. 2003 లోకల్ సర్వీసుది. 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ మొదలైంది, అదీ మొదట లింగంపల్లి వైపు. మీ స్టేషన్ ఉన్న ఫలక్‌నుమా వైపు బండ్లు ఆ తర్వాతే వచ్చాయి.

మరి స్టేషన్ ఎప్పటిది? ఇక్కడ పేరే పెద్ద ఆధారం. జామియా అంటే విశ్వవిద్యాలయం. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది 1918లో, కాబట్టి ఈ పేరుతో స్టేషన్ అంతకుముందు ఉండే అవకాశం లేదు. 1919లో తరగతులు మొదలైనప్పుడు అవి నగరం లోపలి భవనాల్లో జరిగాయి. అడిక్‌మెట్ దగ్గరి ఇప్పటి ఆవరణలో నిర్మాణాలు 1930ల్లో లేచాయి. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో శంకుస్థాపన జరిగింది, 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. విద్యార్థులే లేని చోట విశ్వవిద్యాలయం పేరు మీద బండి ఆపాల్సిన పని ఉండదు గనుక వెతుకులాట 1930ల టైంటేబుళ్లతో మొదలుపెట్టండి. అయితే ఇది పేరును బట్టి చేసిన ఊహ. కాగితంతో ఖాయం చేసుకునేదాకా దీన్ని తేదీగా రాసేయకండి. అదే చోట అంతకుముందు ఇంకో పేరుతో హాల్టు (బండి కాసేపు ఆగి వెళ్లే చిన్న చోటు) ఉందేమో కూడా చూడాలి.

ఈ గందరగోళం మీ స్టేషన్ ఒక్కదానిదే కాదు. ఏ చిన్న స్టేషన్‌కైనా ఐదు తేదీలుంటాయి: పట్టాలు పడ్డ తేదీ, బండి ఆగడం మొదలైన తేదీ, ఇప్పటి పేరు వచ్చిన తేదీ, ఇప్పటి భవనం కట్టిన తేదీ, లోకల్ బండ్లు మొదలైన తేదీ. రాసేవాళ్లు వీటిలో ఏదో ఒకటి పట్టుకుని "స్థాపన" అని రాసేస్తారు. హైటెక్ సిటీ స్టేషన్‌నే తీసుకోండి. అక్కడున్నది 1874 నాటి వాడి లైను. హైటెక్ సిటీ పేరుకు మూలమైన ఐటీ భవనం సైబర్ టవర్స్ వచ్చింది 1998లో. పట్టాలకూ పేరుకూ మధ్య 124 ఏళ్ల తేడా! జేమ్స్ స్ట్రీట్‌లో సంగతి తిరగబడింది. సికింద్రాబాద్‌లో ఆ వీధి ఎప్పుడో మహాత్మాగాంధీ రోడ్డు అయిపోయింది, పాత పేరు మాత్రం స్టేషన్ బోర్డు మీద మిగిలింది. పేరు ఒక్కోసారి స్టేషన్ కన్నా చిన్నది, ఒక్కోసారి తన చుట్టూ ఉన్న ఊరి కన్నా పాతది.

ఇంకో పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది. పక్కనున్న పెద్ద స్టేషన్ తేదీని తెచ్చి చిన్నదానికి అంటగడతారు. కాచిగూడ 1916 అనగానే సీతాఫల్‌మండి, విద్యానగర్, మలక్‌పేట అన్నీ 1916వే అయిపోతాయి. ఒక లైను తెరిచిన రోజున దాని మీద ఇవాళ ఉన్న స్టేషన్లన్నీ ఉండవు. మొదట బండ్లు ఒకదానికొకటి దారి ఇచ్చుకునే క్రాసింగ్ స్టేషన్లు వస్తాయి. జనం పెరిగాక వాటి మధ్య హాల్టులు వస్తాయి.

ఏ కాగితం ఎక్కడ ఉంటుంది

ముందు యాజమాన్యం ఎన్ని చేతులు మారిందో గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఫైళ్లు యజమానితో పాటే వెళ్తాయి. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే లండన్‌లో నమోదైన కంపెనీ. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం దాన్ని కొనేసింది, అప్పటినుంచి నిజాం స్టేట్ రైల్వే. 1951 నవంబరు 5న అది సెంట్రల్ రైల్వేలో కలిసింది, దాని ప్రధాన కార్యాలయం బొంబాయి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1978లో సికింద్రాబాద్ డివిజన్ నుంచి హైదరాబాద్ డివిజన్ విడిపోయింది.

దీనివల్ల పని ఎలా మారుతుందంటే, 1930కి ముందు సంగతులకు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీసు రికార్డులు, కంపెనీ నివేదికలు చూడాలి. 1930 నుంచి 1951 దాకా తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. 1951–66 మధ్య కాగితం సికింద్రాబాద్‌లో దొరక్కపోతే అది లేదని అనుకోకండి, సెంట్రల్ రైల్వేకు కూడా రాయండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

అన్నిటికన్నా నమ్మదగింది పాత టైంటేబుల్. తెరిచిన తేదీ ఎక్కడా రాసి లేకపోయినా దాంతో పట్టుకోవచ్చు. ఒక సంచికలో స్టేషన్ లేదు, తర్వాతి సంచికలో ఉంది, అంటే ఆ రెండింటి మధ్య తెరిచారు. ఐదేళ్ల దూరంలో ఉన్న రెండు సంచికలతో మొదలుపెట్టి మధ్యలోకి జరుగుతూ రండి. మూడు నాలుగు సంచికల్లో ఏడాది తేడాకు వచ్చేస్తారు. చూసేటప్పుడు పేరు ఒక్కటే చూసి వదిలేయకుండా పక్కనున్న మైళ్లు కూడా రాసుకోండి. పేరు మారినా మైలు మారకపోతే అది అదే స్టేషన్. పేరు అదే ఉండి మైలు మారితే స్టేషన్‌ను కాస్త పక్కకు జరిపారు, లేదా దూరాన్ని కొలిచే మొదటి చోటు మార్చారు. రెండోదే జరిగి ఉంటే వరసలో ఉన్న స్టేషన్లన్నిటి అంకెలూ ఒకేలా మారతాయి, దాన్నిబట్టి గుర్తుపట్టొచ్చు. 'ఫ్లాగ్', 'హాల్టు' అని చిన్న అక్షరాల్లో ఏమైనా ఉందేమో చూడండి. ఎర్ర జెండా చూపి బండి ఆపే చోటుకూ, సిగ్నళ్లూ స్టేషన్ మాస్టరూ ఉన్న బ్లాక్ స్టేషన్‌కూ చాలా తేడా ఉంది. చాలా చిన్న స్టేషన్ల జీవితం హాల్టుగానే మొదలవుతుంది.

పటాల సంగతి. హైదరాబాద్‌కు 1912–15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన మున్సిపల్ సర్వే పటాలు ఉన్నాయి. ఇళ్లు, బావులు, గోడలు కూడా కనిపించేంత వివరం వాటిలో ఉంటుంది. నగరం శివార్లకు సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 56కె వరస షీట్లు వాడండి. షీటు అడుగున ముద్రణ సంవత్సరం, సర్వే సంవత్సరం రెండూ వేరువేరుగా ఉంటాయి. మీకు కావాల్సింది సర్వే సంవత్సరం. పదేళ్ల కిందట సర్వే చేసిన షీటును మళ్లీ ముద్రించినప్పుడు కొత్త తేదీ చూసి మోసపోవడం మామూలే.

ఫస్లీ, హిజ్రీ లెక్క దగ్గర జాగ్రత్త

నిజాం కాలపు ఫైళ్లలో తేదీ ఫస్లీలో (పంటల లెక్కకు వాడిన సంవత్సరం) గానీ హిజ్రీలో (ముస్లిం చాంద్రమాన సంవత్సరం) గానీ ఉంటుంది. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబరులో, అజుర్ నెలతో మొదలవుతుంది. అందుకని ఫస్లీ అంకెను ఇంగ్లిషు సంవత్సరంగా మార్చాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590, జనవరి నుంచి సెప్టెంబరు దాకా అయితే 591 కలపాలి. సరిచూసుకోవాలంటే పోలీసు చర్య ఉంది: 1948 సెప్టెంబరు 1357 ఫస్లీలో పడుతుంది, 1357కి 591 కలిపితే 1948. ఊరికే 590 కలిపి రాసేస్తే సగానికి పైగా తేదీలు ఒక ఏడు వెనక్కి పోతాయి.

హిజ్రీ చాంద్రమానం కాబట్టి కూడిక పనికిరాదు. 0.97తో హెచ్చించి 622 కలిపితే దగ్గరికి వస్తుంది. 1334 హిజ్రీ అలా చేస్తే 1916 దగ్గర తేలుతుంది. అదే 1334ను ఫస్లీ అనుకుని 590 కలిపారంటే 1924 అవుతుంది. ఎనిమిదేళ్ల తప్పు! కాగితం మీద నెల పేరు చూస్తే ఏ లెక్కో తెలిసిపోతుంది. అజుర్, దై, బహ్మన్, ఆబాన్ లాంటివి ఫస్లీ నెలలు. ముహర్రం, సఫర్, రంజాన్ అయితే హిజ్రీ.

డబ్బు లెక్కలు రాసేటప్పుడు కూడా ఏ రూపాయో చూడండి. నిజాం రాజ్యపు సొంత నాణెం ఉస్మానియా సిక్కా ఏడు రూపాయలు బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరుకు సమానం. అంచనా కాగితంలో సిక్కా పేరు ఉంటే అది రాయకుండా ఊరికే "రూపాయలు" అని రాయడం తప్పు.

ఆర్టీఐ ఎలా వేయాలి

"మా స్టేషన్ చరిత్ర తెలపండి" అని అడిగితే "అలాంటి సమాచారం అందుబాటులో లేదు" అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. అందులో అధికారి తప్పేమీ లేదు. సమాచార హక్కు చట్టం ప్రకారం ఉన్న రికార్డు ఇవ్వాలి గానీ కొత్తగా చరిత్ర రాసి ఇవ్వనక్కర్లేదు. కాబట్టి రికార్డు పేరు పెట్టి అడగండి. ఇలా:

"1. ఫలానా స్టేషన్‌ను ప్రయాణికుల కోసం తెరిచిన తేదీ ఉన్న రికార్డు ప్రతి. 2. తెరిచినప్పుడు అది హాల్టా, ఫ్లాగ్ స్టేషనా, బ్లాక్ స్టేషనా, తర్వాత తరగతి మారిన ఉత్తర్వుల ప్రతులు. 3. గేజ్ మార్పిడికి (మీటర్‌గేజ్ బ్రాడ్‌గేజ్ కావడానికి) ముందు నాటి యార్డు ప్లాను ప్రతి. 4. ప్రస్తుత స్టేషన్ భవనానికి సంబంధించి ఇంజినీరింగ్ శాఖ భవనాల రిజిస్టరులోని పేజీ ప్రతి. 5. పై రికార్డులు ధ్వంసం చేసి ఉంటే, ధ్వంసం చేసిన రికార్డుల జాబితాలో సంబంధిత పేజీ."

ఐదోదాన్ని వదలకండి. "లేదు" అనడం వేరు, "ఫలానా తేదీన ధ్వంసం చేశాం" అనడం వేరు. రెండోది వచ్చిందంటే ఇక ఆ దారి మూసేసి వేరేచోట వెతకొచ్చు.

ఫీజు 10 రూపాయలు, పేజీకి 2 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, సంతృప్తిగా లేకపోయినా 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి, దాని మీద 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. రైల్వే కేంద్ర సంస్థ కాబట్టి రాష్ట్ర కమిషన్‌కు వెళ్లి లాభం లేదు. అర్జీ 500 పదాలు దాటనివ్వకండి. నా ఉద్దేశంలో ప్రతులు అడగడం కన్నా రికార్డులను స్వయంగా చూస్తామని అడగడం మేలు. మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు 5 రూపాయలు. రిజిస్టరు చేతికి వస్తే మీరు అడగాలని అనుకోని పేజీలు కూడా కంటపడతాయి. ఇప్పటి యార్డు ప్లాను భద్రత కారణంగా ఇవ్వమనొచ్చు. గేజ్ మార్పిడికి ముందుదాన్ని అడిగితే ఆ అభ్యంతరం చెప్పడం కష్టం, అక్కడ ఆ పట్టాలే ఇప్పుడు లేవు గదా.

కాగితం లేకపోతే గోడ చెబుతుంది

ప్లాట్‌ఫారం చివర నిలబడి దాని పక్క గోడను చూడండి. చాలాచోట్ల అడుగున రాతి కట్టడం, దాని మీద ఇటుక, ఆ పైన కాంక్రీటు వరసలుగా కనిపిస్తాయి. ఒక్కో వరస ఒక్కో ఎత్తు పెంపు. బ్రాడ్‌గేజ్ తక్కువ ఎత్తు ప్లాట్‌ఫారం పట్టా పైనుంచి 455 మిల్లీమీటర్లకు మించదు, ఎక్కువ ఎత్తుది 760 నుంచి 840 మధ్య ఉంటుంది. పాత భవనంలోకి ప్లాట్‌ఫారం మీదనుంచి ఒకటి రెండు మెట్లు దిగి వెళ్లాల్సి వస్తే, కట్టినప్పుడు భవనం గచ్చు, ప్లాట్‌ఫారం ఒకే ఎత్తులో ఉండేవని, తర్వాత ప్లాట్‌ఫారం ఒక్కటే పెరిగిందని లెక్క. టికెట్ కిటికీ అరుగు మోకాళ్ల దాకానే ఉండటం కూడా అదే గుర్తు.

మీ లైనుకు సంబంధించి ఒక మాట. ఇది మీటర్‌గేజ్‌గా పుట్టి, దేశమంతా పట్టాలను ఒకే వెడల్పుకు తెచ్చేందుకు 1992లో మొదలైన యూనిగేజ్ పథకం తర్వాత బ్రాడ్‌గేజ్ అయింది. పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్ల నుంచి 1676కు పెరిగింది. పెట్టె వెడల్పు సుమారు 2.74 మీటర్ల నుంచి 3.25 మీటర్లకు చేరింది. అంత తేడాకు పాత ప్లాట్‌ఫారం అంచు ఉన్నచోటే ఉండలేదు. అంచును కోసి వెనక్కి జరపాలి, లేదా పట్టాలను పక్కకు తీసుకెళ్లాలి. అందువల్ల ఈ వరసలో ప్లాట్‌ఫారం అంచు రాళ్లను చూసి నిజాం కాలానివని చెప్పడం చాలామటుకు తప్పవుతుంది. పాతదనం కోసం అంచును కాదు, వెనక గోడను, బావిని, సిబ్బంది క్వార్టర్లను, చెట్టు అరుగును చూడాలి. గేజ్ మార్పిడి చేసేవాళ్లకు వాటితో పని పడదు, అందుకే అవి మిగిలిపోతాయి.

గోడ సందుల్లో గార గట్టిగా, బూడిద రంగులో ఉంటే సిమెంటు. తెల్లగా ఉండి, మధ్యమధ్య చిన్న సున్నపు ఉండలు కనిపిస్తే డంగు సున్నం. తాళంచెవితో గీకి చూడాలని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి, పెచ్చు ఊడిన చోట కళ్లతో చూస్తే చాలు.

పాత పట్టా ముక్కలను కంచె స్తంభాలుగా, రేకుల కప్పుకు నిట్రాళ్లుగా పాతడం అన్నిచోట్లా ఉంది. పట్టా నడుము మీద ఉబ్బెత్తు అక్షరాల్లో తయారీదారు పేరు, బరువు రకం, సంవత్సరం ఉంటాయి. రంగు పొరల కింద అవి కనపడవు. సాయంత్రం ఏటవాలు ఎండలో గానీ, పక్కనుంచి టార్చి వేసి గానీ చూస్తే అక్షరాల నీడ తేలుతుంది. కానీ ఆ సంవత్సరం పట్టాది, స్తంభానిది కాదు. మెయిన్ లైనులో దశాబ్దాలు అరిగాక తీసేసిన పట్టానే స్తంభంగా పాతుతారు. 1908 అని ఉంటే ఆ స్తంభం 1908 కన్నా ముందుది కాదని మాత్రమే అర్థం. ఇనుప బ్రాకెట్ల మీద, బెంచీల మీద పొడి అక్షరాలుంటే ఇంకాస్త సాయం. మధ్యలో 'జీ' ఉండి ఎన్‌జీఎస్ఆర్ అని ఉంటే 1930కి ముందు కంపెనీ కాలం. ఉత్త ఎన్ఎస్ఆర్ అయితే సాధారణంగా 1930 తర్వాతది. 1874లో వాడి లైను మొదలైనప్పుడు కూడా దాని పేరు నిజాం స్టేట్ రైల్వేయే కనుక, పాత బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఈ అక్షరాలు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

శిలాఫలకం దొరికితే సంబరపడేముందు పూర్తిగా చదవండి. అది పాదచారుల వంతెనదో, బుకింగ్ కౌంటరుదో అయి ఉంటుంది చాలాసార్లు.

ఇదంతా ప్లాట్‌ఫారం మీదనుంచే చూడండి. 10 రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ తీసుకోండి, పట్టాల మీదికి దిగకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. అంతకుమించి, లోకల్ బండ్లు తిరిగే చోట వెనకనుంచి వచ్చే బండి చప్పుడు వినిపించదు.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు

"స్టేషన్ ఏ సంవత్సరంలో వచ్చింది?" అని అడిగితే తోచిన అంకె చెబుతారు. ఏడు గుర్తుండదు, వరస గుర్తుంటుంది. పోలీసు చర్యకు ముందు బండి ఇక్కడ ఆగేదా? బొగ్గింజన్ ఉన్నప్పుడు టికెట్ ఎక్కడ ఇచ్చేవాళ్లు? చిన్న పట్టాలు తీసేసినప్పుడు పాత గది అక్కడే ఉందా? ఇలా తెలిసిన సంఘటనకు కట్టి అడగండి. రిటైరైన స్టేషన్ మాస్టర్ల కన్నా పాయింట్స్‌మన్, గేట్‌మన్, గ్యాంగ్‌మన్ కుటుంబాలు ఎక్కువ చెప్పగలవు. స్టేషన్ మాస్టర్‌కు కొన్నేళ్లకోసారి బదిలీ, వీళ్లలో చాలామంది ఒకేచోట బతుకంతా గడిపినవాళ్లు. ఎవరిదగ్గరైనా పాత అట్ట టికెట్ ఉంటే రెండు వైపులా ఫోటో తీసుకోండి. దాని మీద గుద్దిన తేదీ, స్టేషన్ పేరు స్పెల్లింగు రెండూ సాక్ష్యమే.

మొదట చేయాల్సిన పని మాత్రం ఆర్కైవ్స్‌కు వెళ్లడం కాదు. స్టేషన్లను కొత్తగా కడుతున్న కాలమిది, కాగితం వచ్చే ఏడు కూడా ఉంటుంది, గోడ ఉండకపోవచ్చు. ఈ వారంలోనే వెళ్లి భవనం నాలుగు వైపులా, ప్లాట్‌ఫారం రెండు కొసలు, వెనక గోడ, పాత స్తంభాలు, బోర్డు ఫోటోలు తీయండి. ప్రతి దగ్గరి ఫోటోలో 30 సెంటీమీటర్ల స్కేలు పెట్టండి, లేకపోతే ఇటుక కొలత తర్వాత తేల్చలేం. ఫైలు పేరులో తేదీ, ఏ దిక్కు నుంచి తీశారో రాయండి. పట్టా స్తంభాల మీద సంవత్సరం కనబడితే ఆ ఫోటోలు ఇక్కడ పెట్టండి, బరువు రకాన్ని బట్టి అవి మీటర్‌గేజ్‌వో బ్రాడ్‌గేజ్‌వో చూసి చెబుతాను.